పసిబిడ్డ నాలుకపై తేనె

తేనెలో మానవులకు స్వస్థత ఉందని దివ్య ఖుర్‌ఆన్‌ అన్‌నహ్ల్ సూరా 69వ వాక్యం తెలుపుతోంది. అందులో మనకు సందేహం లేదు. అయితే మా నేరేడుచర్ల ప్రాంతంలో బిడ్డ పుట్టగానే నాలుకకు తేనె రాసే అలవాటు గురించి తల్లిదండ్రులకు ఒక మాట చెప్పదలిచాము.

తేనెలో బోటులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి సాధారణంగా మొలకెత్తవు. ఏడాది నిండని శిశువు పేగుల్లో మాత్రం మొలకెత్తి, నరాలను చచ్చుబరిచే విషాన్ని పుట్టిస్తాయి. ‘శిశు బోటులిజం’ అనే ఈ వ్యాధిని 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తొలిసారి గుర్తించారు. తేనె స్వచ్ఛమైనదైనా, ఇంట్లో కాచినదైనా ఈ బీజాలు నశించవు.

మొదట మలబద్ధకం కనిపిస్తుంది. ఆపై బిడ్డ పాలు సరిగా తాగదు, ఏడుపు నీరసిస్తుంది, రెప్పలు వాలుతాయి, మెడ నిలవదు. ఆలస్యమైతే శ్వాసకే ముప్పు. సాధారణంగా జ్వరం ఉండదు గనుక పెద్దలు తేలికగా తీసుకునే ప్రమాదముంది. మలపరీక్షలో విషం బయటపడితే వ్యాధి నిర్ధారణ అవుతుంది. ఆ ఫలితానికి రోజులు పడుతుంది కాబట్టి వైద్యులు లక్షణాలను బట్టే చికిత్స ప్రారంభిస్తారు. అందుకే తేనె నాకించిన సంగతి వైద్యునికి దాచరాదు. అత్తగారు నొచ్చుకుంటారని కోడలు మౌనం వహించరాదు.

ఇక తహ్నీక్ సంగతి. హజ్రత్ అస్మా (రజి) కుమారునికి దైవప్రవక్త (స) ఖర్జూరంతోనే తహ్నీక్ చేశారు. కాబట్టి తేనె మానినంత మాత్రాన సున్నత్ విడిచినట్లు కాదు. ఉపవాసం ఎంతటి శుభప్రదమైనా పసివారికి విధి కాలేదు. తేనె విషయంలోనూ ఏడాది నిండేవరకు ఆగుదాం. బిడ్డ మన చేతికి అల్లాహ్ అప్పగించిన అమానతు.