చవుక మందు నాసిమందగునా?

క్రిందటి మాసమున ఈ శీర్షిక క్రింద పసిబిడ్డలకు ఏయే నెలలో ఏయే టీకా వేయింపవలయునో వ్రాసియుంటిమి. దానిని చదివి పలువురు సోదరీమణులు మాకు జాబులు వ్రాసిరి. పెక్కు జాబులలో సందేహ మొక్కటియే. డాక్టరుగారు రుసుము పుచ్చుకొని వేయు టీకాయు, ఆరోగ్యకేంద్రమున కాసైన పుచ్చుకొనక వేయు టీకాయు సమానములేనా? ఊరక యిచ్చునది మంచిదెట్లగును? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. సంతలో చవుకగా కొన్న కారములో ఇటుకపొడి చూచిన ఇల్లాలు ఇట్లడుగక మానదు. బిడ్డ చేతికి గ్రుచ్చు మందును గూర్చి అడుగకుండుటయే తప్పు.

మన దేశమున ఈ ఉచిత టీకాలను ప్రభుత్వమువారే కొని పంచుచున్నారు. బీద దేశముల బిడ్డల కొఱకు పెద్దయెత్తున కొనునది ఐక్యరాజ్యసమితివారి బాలల నిధి. దీనినే యూనిసెఫ్ అందురు. లోకములో కెల్ల పెద్ద కొనుగోలుదారు ఎట్లు కొనునో చూచినచో, చవుకకును నాసికిని గల సంబంధ మెంతటిదో మనకు బోధపడును. అందుచే ఈ మాసమున ఆ విషయమునే యెత్తుకొంటిమి.

యూనిసెఫ్ 1946వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన పుట్టినది. ఐరోపాలో యుద్ధమున చితికిన కుటుంబముల బిడ్డలకు పాలును, బట్టలును, మందులును అందించుట అప్పటి దాని పని. నేడు ప్రపంచమున ఐదేండ్లలోపు బిడ్డలలో ఇంచుమించు నూటికి 45 మందికి చేరు టీకాలు దాని చేతిమీదుగా కొనబడుచున్నవి. ఏటేట అవి 200 కోట్ల డోసులకు మించును. ఈ కొనుగోలు నడపు కార్యాలయము డెన్మార్కు దేశపు ముఖ్యపట్టణమగు కోపెన్‌హేగనులో నున్నది. అచ్చటి రేవున నొక పెద్ద గిడ్డంగియు గలదు. సిరంజీలు, పురిటి సామగ్రి పెట్టెలు, శీతలపెట్టెలు, బడిపిల్లల పలకలు పుస్తకములు గల పెట్టెలు అందు ఆకాశమంటు బీరువాలలో పేర్చి యుండును. టీకాలు మాత్రము ఆ గిడ్డంగి గడప త్రొక్కవు. అవి తయారైన చోటినుండి తిన్నగా వేయవలసిన దేశమునకే విమానమెక్కును. మధ్య మజిలీ యొకటి పెరిగినచో చెడిపోవు భయమును పెరుగును గదా!

అమ్మవచ్చిన ప్రతివాని సరకును వారు ముట్టుకొనరు. ముందుగా ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆ టీకాకు అర్హత యీయవలయును. ఈ పద్ధతి 1987వ సంవత్సరమునుండి నడచుచున్నది. తయారీ కాగితములు చదువుదురు, నమూనాలు పరీక్షింతురు, కర్మాగారమునకు స్వయముగ పోయి చూతురు, ఆ దేశపు ప్రభుత్వమునకు మందులపై అదుపు చాలినంత గలదా యని విచారింతురు. బియ్యపు బస్తా విప్పించి గుప్పెడు చేతబట్టి చూచిన పిమ్మటనే ధర యడుగు గృహిణివలె, ఇదంతయు ముగిసిన పిమ్మటనే బేరము.

అర్హత ఒకసారి వచ్చినంతమాత్రమున శాశ్వతము గాదు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, కాలేయమును చెఱచు కామెర్లు, పసిబిడ్డల మెదడుపొరలకు వాపు తెచ్చు హిబ్ అను క్రిమి, ఈ యైదింటికి కలిపి ఒక్కటే సూదిగా వేయు టీకా గలదు. మన హైదరాబాదునందలి యొక కర్మాగారమున తయారైన ఇట్టి టీకా సీసాలలో గాజు నంటుకొని తెల్లని మడ్డి కనబడినదని విదేశములనుండి వార్తలు వచ్చినవి. 2010లో దానిని అర్హతల పట్టికనుండి తొలగించిరి. తిరిగి ఆ పట్టికలో చేరుటకు దానికి 2014 వఱకు పట్టినది. మనూరి సరకని మేము దీనిని దాచదలచుకొనలేదు. కంటికి కనబడిన మడ్డి యొకటి ఒక పెద్ద కర్మాగారపు అమ్మకమును ఏండ్లతరబడి నిలిపినదనగా, ఆ కొనువారు చవుకకు ఆశపడి కన్నుమూసికొనువారు కారని తెలియుచున్నది.

ఇక ధర. ఈ యైదు రోగముల టీకానే చూతము. 2016వ సంవత్సరమున యూనిసెఫ్ వారు ఆరుగురు తయారీదారులతో మూడేండ్లకు ఒడంబడిక చేసికొనిరి. ఆ మూడేండ్లకు కావలసినవి 45 కోట్ల డోసులు. డోసునకు సగటు ధర 84 సెంట్లు, అనగా ఆనాటి మారకమున ఇంచుమించు 56 రూపాయలు. అంతకు ముందు ఇచ్చుచుండిన ధరలో ఇది సగము.

మందులో నేమియు తగ్గకయే ధర సగమెట్లయ్యెను? మూడేండ్లలో ఎన్ని సీసాలు అమ్ముడగునో తయారీదారునకు ముందే తెలిసినచో వాడు యంత్రములకు ధైర్యముగ డబ్బు పెట్టును. అమ్ముడుగాక మిగులునను భయము లేదు. ఊరూర తిరిగి డాక్టర్లను ఒప్పించు ఏజెంట్లకు జీతభత్యములు లేవు. రంగురంగుల అట్టపెట్టెలు లేవు. ఒక్కొక్క డోసునకు ఒక్కొక్క గాజుసీసా పెట్టుటకంటె పది డోసులకు ఒక సీసా పెట్టినచో గాజు ఖర్చును, శీతలపెట్టెలో చోటును కలిసివచ్చును. ఏటి బియ్యము కళ్లమునొద్దనే కొనువారికిని, వీధి కొట్టులో పావు శేరు లెక్కను కొనువారికిని ఒక్క ధర పడునా? మఱియు 2011 నుండి ఏ తయారీదారునకు ఏ టీకాకు ఎంత ధర యిచ్చినదియు యూనిసెఫ్ వారు బాహాటముగ ప్రకటించుచున్నారు. ఇరుగుపొరుగున నెవ్వరెంతకు కొనిరో తెలిసిన తరువాత బేరము సులువగుట మనకు తెలియనిది గాదు.

అయితే బేరమునకును హద్దు గలదు. 1990ల చివర ఈ సంగతి చేదుగా తెలిసివచ్చినది. పాత టీకాలమీద లాభము మిక్కిలి తక్కువ గానుండుటచే తయారీదారులు ఒకరి వెనుక నొకరు ఆ తయారీ మానుకొనిరి. ధనము గల దేశములకు క్రొత్త టీకాలు అమ్ముకొనుటయే వారికి మేలయ్యెను. కొన్నాళ్లకు కొనుటకు సొమ్ముండియు సరకు చాలని గతి పట్టినది. అప్పటినుండి యూనిసెఫ్ వారు అందఱికంటె తక్కువ ధర పాడినవానికే సరకంతయు కట్టబెట్టు పద్ధతిని వదలుకొని, ధర కొంచె మెక్కువయైనను ఇద్దఱు ముగ్గురు తయారీదారులకు పంచి యిచ్చుచున్నారు. ఒకడు చేయి యెత్తినను మఱియొకడు ఉండవలెనని వారి యాలోచన. పైసా పైసాకు గీచి గీచి పాలవాని నోడించి, వాడు రాని నాడు పసివాని పాలకు వీధులు తిరుగు ఇండ్లను మేము చూచియున్నాము.

ఒక్క బావినే నమ్ముకొనుట యెట్టిదో 2021లో లోకమంతయు చూచినది. కోవిడు టీకాలను అన్ని దేశములకు పంచుటకై కోవాక్స్ అను ఏర్పాటు జరిగెను. దాని కొనుగోలు భారము ముఖ్యముగ యూనిసెఫ్ వారిమీదనే పడినది. 2021 ఫిబ్రవరి 24న ఆఫ్రికాలోని ఘానా దేశపు ఆక్రా నగరమున మొదటి విమానము దిగినది. అందలి 6 లక్షల డోసులును మన పూనా నగరమున తయారైనవే. తరువాత రావలసిన సరకులో పెద్దపాలును ఆ పూనానుండియే. కాని ఆ వసంతమున మన దేశమునందే రెండవ తాకిడి వచ్చి శ్మశానములు చాలని దుర్దినములు వచ్చినవి. టీకాలు బయటికి పోవుట నిలిచిపోయెను. తిరిగి కోవాక్స్‌నకు సరకు పోవుట ఆ యేడు నవంబరులో గాని మొదలుకాలేదు. మొదటి సూది వేయించుకొని రెండవదానికై నెలలతరబడి యెదురుచూచిన నర్సులును, వృద్ధులును ఆఫ్రికా దేశములలో నెందఱో! మన బిడ్డలు కన్నుమూయుచుండ మన మందును మనము ఉంచుకొనుట తప్పని మేమనజాలము. అన్ని దేశముల ఆశను ఒక్క చోట తయారగు మందుకు ముడివేయుట మాత్రము పొరపాటని యనవచ్చును. కోవాక్స్ 2023 డిసెంబరుతో ముగిసినది.

దీనికి భిన్నముగ, దేశముల నడుమ తలుపులు మూసికొన్నను మందు చేరిన కథ యొకటి గలదు. అది మనకు మఱింత దగ్గఱది. పాకిస్తానులోని సింధు రాష్ట్రమునందును హైదరాబాదు అను నగర మున్నది. 2016 నవంబరులో అచ్చట నొక వింత టైఫాయిడు బయలుదేఱినది. వాడుకలోనున్న మందులలో పెక్కింటికి ఆ క్రిమి లొంగలేదు. నోటితో పుచ్చుకొను మందులలో పనిచేయునది దాదాపు ఒక్కటియే మిగిలినది. అదియు చెడినచో ఆ తల్లులకు దిక్కేది? అప్పటికి పసిబిడ్డలకు సయితము వేయదగిన క్రొత్త టైఫాయిడు టీకా యొకటి మన హైదరాబాదున తయారై, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అర్హత పొందియుండెను. 2018లో ఆ హైదరాబాదు బిడ్డలకు ఈ హైదరాబాదు టీకా వేయ నారంభించిరి. 2019 నవంబరున పాకిస్తాను ఆ టీకాను బిడ్డల టీకాల వరుసలో చేర్చుకొన్నది. లోకమున అట్లు చేసిన దేశములలో నదియే మొదటిది. సింధులో సుమారు కోటిమంది బిడ్డలకు వేయదలచి పని సాగించిరి. ఆ యేడే ఆగస్టులో ఇరు దేశముల వర్తకము నిలిచియుండెనని మఱువరాదు. మందులకు మినహాయింపు కొంచెము పిమ్మట కలిగెను. టీకాల ఖర్చులో బీద దేశములకు తోడ్పడుటకై 2000లో ఏర్పడిన గావీ యను కూటమి ఆ టీకాకు సొమ్ము సమకూర్చినది. ఇట్టి టీకాలను గావీ పక్షమున కొనునది యూనిసెఫ్.

సరకు కొని సొమ్ము చెల్లించినంతమాత్రమున కొనుగోలు ముగియదు. టీకాలలో పెక్కింటిని 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుంచవలయును. అందుచే విమానమెక్కు ప్రతి పెట్టెలోను దారి పొడవునను చల్లదనమును వ్రాసిపెట్టు చిన్న యంత్రము నుంతురు. దిగిన చోట దానిని చదివి చూచి, బాగుగ నున్నదని పత్రము నింపిన గాని సరకు చేరినట్లు లెక్కకు రాదు. టీకాతోపాటు ఒక్కసారి వాడగానే తనంత బిగిసికొనిపోవు సిరంజీలును, వాడిన సూదులు వేయు పెట్టెలును సరిగ లెక్కచూచి పంపవలెను. మూడింటిలో నేది రాకున్నను తక్కిన రెండును వ్యర్థములే. పప్పు ఉడికిన తరువాత ఇంట ఉప్పు లేదని తెలిసినట్లుండును.

ఇప్పుడు మా సోదరీమణులు స్వయముగ చూచుకొనదగిన సంగతి యొకటి చెప్పెదము. యూనిసెఫ్ వారు కొను టీకా సీసాలపై చిన్న గుండ్రని గుర్తు గలదు. దాని నడుమ తెల్లని చదరము. 1996లో పోలియో చుక్కల సీసాలతో ఈ పద్ధతి మొదలైనది. సీసాకు వేడి తగిలినకొలది ఆ చదరము నల్లబడుచు వచ్చును. చదరము చుట్టునున్న వలయముకంటె తెల్లగా నున్నంతవఱకు మందు వాడవచ్చును. రెండును ఒకే రంగైనను, చదరమే నల్లనైనను ఆ సీసాను పారవేయవలసినదే. మన ఆరోగ్యకేంద్రములలోని ఉచిత టీకా సీసాలమీదను ఈ గుర్తు ఉండును. నర్సమ్మగారిని చూపుమని మర్యాదగ నడుగుడు. ఆమె కోపగించుకొనదు, ఆమెకు నేర్పిన పాఠములలో నదియొకటి.

ఆ గుర్తు వేడిని మాత్రమే చెప్పును. మితిమీరిన చలిని చెప్పజాలదు. చల్లగ నుంచుటయే మేలని తలచి కొందఱు టీకాలను మంచుగడ్డకట్టు అఱలో పెట్టుదురు. ధనుర్వాతపు టీకావంటివి గడ్డకట్టినచో పాడగును. కరగిన తరువాత అందలి మందు విఱిగిన పాలవలె తిరిగి కలియదు. సీసాను ఊపి నిలువబెట్టినచో పాడైన మందు త్వరగ అడుగున పేరుకొనును. ఎఱిగిన నర్సులు ఇట్లే పరీక్షింతురు.

జాబులలో మఱియొక ఫిర్యాదును వచ్చినది. తట్టు టీకా కొఱకు పోయిన నాడు, "ఇంకను నలుగురు బిడ్డలు వచ్చిన గాని సీసా విప్పను, రేపు రమ్ము" అని ఒక ఊరి ఆరోగ్యకేంద్రమున ఒక తల్లిని త్రిప్పి పంపిరట. ఆ సీసాలో పలువురు బిడ్డలకు సరిపోవు మందుండును. పొడిలో నీరు కలిపిన కొన్ని గంటలలో వాడనిచో మిగిలినదంతయు పారబోయవలెను. అందుచే ఆ నర్సమ్మ చేయి వెనుకాడినది; దుబారా యగునని ఆమె భయము. ఆ భయము మనకు అర్థము కానిది గాదు. అయినను రేపు రమ్మన్న తల్లికి రేపు కూలి యుండును, వాన యుండును, ఏఱు అడ్డము వచ్చును. అందులో కొందఱు తిరిగి రారు. ఒక్క బిడ్డ వచ్చినను సీసా విప్పవలసినదే యని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. అట్లు పారబోయవలసివచ్చు మందును గూడ లెక్కగట్టి, కొనునపుడే అంతకంత ఎక్కువ కొనియుందురు. ఈ మాట ఆ నర్సమ్మకు చెప్పి సీసా విప్పించుకొని రండు.