చదివిన శాఖను విడిచిపెట్టవచ్చునా?



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒక తల్లి వ్రాసిన ఉత్తరాన్ని మేము ప్రక్కన పెట్టలేకపోయాము. ఊరు, పేరు విడిచిపెట్టి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాము.

"మా అమ్మాయి ప్రసూతి, స్త్రీ వ్యాధుల శాఖలో ఎం.ఎస్. పూర్తి చేసింది. ఏడాదిగా ఒక ఆస్పత్రిలో పని చేస్తున్నది. ఇప్పుడు ఇది విడిచిపెట్టి మానసిక వైద్యం చదువుతానంటున్నది. దాని చదువు కోసం మాకున్న ఒక్క ఇళ్ళ స్థలం అమ్ముకున్నాము. 30 ఏళ్ళు నిండాయి. ఇంకా పెళ్ళి కాలేదు. వాళ్ళ నాన్నగారు రెండు నెలలుగా దానితో మాట్లాడటం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ వేర్వేరు వేళల్లో అన్నం తింటున్నారు. నేను ఎవరి పక్షాన నిలబడాలి?" అని ఆమె అడిగారు. సంతకం చేసిన తరువాత, చివర ఒక మాట చేర్చారు. "ఆ మధ్య ఒక రాత్రి కాన్పులో రక్తస్రావం ఆగక ఒక తల్లి చనిపోయింది. అప్పటి నుండి మా అమ్మాయికి నిద్ర లేదు."

సహోదరీ, మీరు చివర చేర్చిన ఆ మాటనే మేము అన్నిటికంటె ముందుగా తీసుకుంటున్నాము.

కాన్పు తరువాత రక్తస్రావం తల్లుల మరణాలకు గల ముఖ్య కారణాలలో ఒకటి. చేయవలసినదంతా చేసినా కొన్నిసార్లు ప్రాణం దక్కదు. ఆ రాత్రి వార్డు బయట నిలబడిన బంధువులకు ఆ కబురు చెప్పినది బహుశా మీ అమ్మాయే. ఆ దుఃఖానికి మందు మరో డిగ్రీ కాదు. ముందు ఆమెకు కొన్నాళ్ళు సెలవు కావాలి, నిద్ర కావాలి. ఆమెను తప్పుపట్టకుండా వినే ఒక పెద్ద డాక్టరు గారు కావాలి. మానసిక వైద్యుని వద్దకు ఆమె విద్యార్థినిగా కాక, ముందు రోగిగా వెళ్ళవలసి యుండవచ్చును. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మరణం లేని శాఖ వైద్యంలో దాదాపు లేదని కూడ ఆమె తెలుసుకోవాలి. మానసిక వైద్యుడు సైతం తన రోగి ఆత్మహత్య చేసుకున్నాడన్న కబురు వినవలసి వస్తుంది. అందుచేత ఆమె విడిచిపెట్టాలనుకొనుచున్నది ఆ శాఖనా, ఆ రాత్రినా అన్నది మొదట తేలాలి. నిద్ర కుదుటపడి, కొన్ని నెలలు గడిచిన తరువాత కూడ అదే కోరిక నిలిచియుంటే, అప్పుడు దానిని గౌరవించి వినండి.

అప్పుడు కూడ "ఇన్నేళ్ళు చదివి ఇప్పుడా?" అనవద్దని మా మనవి. మన పిల్లలు శాఖను ఎలా ఎంచుకుంటున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఎం.బి.బి.ఎస్.కు నాలుగున్నర సంవత్సరాలు, హౌస్ సర్జన్సీ ఒక సంవత్సరం. ఆ ఒక్క సంవత్సరంలోనే అన్ని విభాగాలు తిరగాలి. మానసిక వైద్యం వంటి విభాగాలలో వారు గడిపేది కొద్ది వారాలే. తరువాత ప్రవేశ పరీక్ష ర్యాంకు, ఫీజు, ఇంట్లోవారి ఇష్టం, "ఆడపిల్లకు ఇది బాగుంటుంది" అన్న బంధువుల మాట, ఇవన్నీ కలిసి జీవితకాలపు పనిని నిర్ణయిస్తాయి. ఆ పని నిజంగా ఎట్టిదో పి.జి. మూడేళ్ళలోనే తెలిసివస్తుంది. కనుక పూర్తి చేసిన తరువాత మనస్సు మారడం ఎప్పుడూ చపలత్వమే అనలేము.

వెల్లూరు సి.ఎం.సి.లో చదివిన డాక్టర్ మేరీ వర్గీస్ గారిని మన పాఠకులలో పెద్దవారు ఎరుగుదురు. ఆమె స్త్రీ వ్యాధుల విభాగంలో పని చేస్తూ అందులోనే స్థిరపడాలనుకున్నారు. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము క్రిందిభాగం చచ్చుబడిపోయింది. డాక్టర్ పాల్ బ్రాండ్ గారి ప్రోత్సాహంతో ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అటు తరువాత న్యూయార్కు వెళ్ళి డాక్టర్ హోవర్డ్ రస్క్ గారి వద్ద వికలాంగుల పునరావాస వైద్యం నేర్చుకున్నారు. తిరిగి వచ్చి వెల్లూరులో ఆ విభాగానికి పెద్దగా ఉన్నారు. 1966లో అక్కడ పునరావాస సంస్థ ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమెకు నేర్పిన రస్క్ గారు కూడ శాఖ మారినవారే. సెయింట్ లూయిస్‌లో చాలా ఏళ్ళు జనరల్ మెడిసిన్ వైద్యునిగా ఉండి, రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను చూచి, యుద్ధం తరువాత తన పాత ప్రాక్టీసు విడిచి పునరావాస వైద్యానికి వచ్చారు.

మేరీ గారిని ప్రమాదం మార్చింది, మీ అమ్మాయి తనంతట తాను మారాలనుకొనుచున్నది. రెండూ ఒకటి కావు. అయినను ఒక సంగతి మాత్రం గమనించండి. వారిద్దరి పాత చదువు వ్యర్థం కాలేదు. రోగి శరీరమును ఎరిగిన చేతులే క్రొత్త పనికి వచ్చాయి. మీ అమ్మాయి విషయంలో ఇది మరింత నిజం. బిడ్డ పుట్టిన తరువాత కారణం తెలియక ఏడ్చే తల్లులను, బిడ్డను ఎత్తుకొనుటకే ఇష్టపడని తల్లులను ఆమె చూచియుంటుంది. అది రోగమని తెలియక "బాలింతకు గాలి సోకింది" అని మంత్రగాని వద్దకు తీసికొనిపోయే ఇండ్లు మన మధ్యనే ఉన్నాయి. కాన్పుల గది ఎరిగిన మానసిక వైద్యురాలు అట్టి తల్లులకు ఎంత అవసరమో మీరే ఊహించండి.

ఇక కష్టం కూడ దాచకుండా చెప్పాలి. మన దేశంలో శాఖ మారడమంటే సాధారణంగా మళ్ళీ నీట్ పి.జి. వ్రాసి, మొదటి సంవత్సరం విద్యార్థినిగా చేరి, మరో మూడేళ్ళు చదవడమే. ఆమెకంటె చిన్నవారు ఆమెకు సీనియర్లవుతారు. ఇప్పటి జీతం పోయి స్టైపెండు మిగులుతుంది. ఇప్పటికే పి.జి. చేసినవారికి ఆ రాష్ట్రంలో, ఆ కళాశాలలో ఏమి నిబంధన ఉన్నదో, పాత చదువు తాలూకు ప్రభుత్వ సర్వీసు ఒప్పందం ఏమైనా మిగిలియున్నదో, ఆ యేటి ప్రాస్పెక్టస్ తెప్పించి ఆమె స్వయంగా చదువుకోవాలి. ఎవరో చెప్పిన మాట నమ్మి ఉద్యోగం మానవద్దు. వీలైతే పరీక్షకు ముందే కొన్ని వారాలు ఒక మానసిక వైద్య విభాగంలో, అనుమతి తీసుకొని, ఓ.పి.లో కూర్చుండి చూడమనండి.

అమెరికాలో ఉన్న మేనమామ "ఇక్కడికి వచ్చి ఏ శాఖ కావాలంటే అది చేయవచ్చు" అన్నారని కూడ వ్రాశారు. అది సగం నిజం. మన దేశంలో చేసిన ఎం.ఎస్. ఉన్నా, సాధారణంగా అక్కడ రెసిడెన్సీ మొదటి నుండి చేయవలసినదే. ఆ కారణంగా ఇక్కడ ఒక శాఖలో ఉండి అక్కడ మరో శాఖకు మారిన తెలుగు డాక్టర్లు చాలామంది ఉన్నారు. కాని అక్కడ కూడ ఒకసారి చేరిన తరువాత మారడం సులభం కాదు. శిక్షణ నిమిత్తం మెడికేర్ ఆస్పత్రులకిచ్చే నేరు ఖర్చును, మొదట చేరిన శాఖకు నిర్ణయించిన సంవత్సరాల వరకే పూర్తిగా లెక్కిస్తారు. ఆ తరువాత సగమే. అందుచేత రెండవసారి వచ్చేవారిని తీసుకొనుటకు కొన్ని ఆస్పత్రులు వెనుకాడతాయి. జె-1 వీసా మీద వెళ్ళినవారు ఒక్కసారి మాత్రమే, అదియు మొదటి రెండేళ్ళలోపే, శాఖ మార్చుకోవచ్చును.

మళ్ళీ చదవకుండానే పని మార్చుకొనే మార్గం కూడ ఉన్నది. కేరళలోని కోళిక్కోడ్‌లో మత్తు వైద్యునిగా ఉన్న డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు క్యాన్సరు వంటి వ్యాధులలో బాధపడేవారి నొప్పి తగ్గించే పనికి తిరిగారు. 1993లో సహచరులతో కలిసి అక్కడ అందుకొక సొసైటీ ప్రారంభించారు. 2018లో పద్మశ్రీ పొందారు. మీ అమ్మాయి కూడ కాన్పులు మాని, తన శాఖలోనే ఓ.పి., సంతాన సాఫల్య వైద్యం, స్కానింగ్ వంటి పనులలో ఉండగలదేమో ఆలోచించవచ్చును. అది చాలదని ఆమెకు తోస్తే, అప్పుడు పెద్ద నిర్ణయం తీసుకోవచ్చును.

ఇక సహోదరునికి ఒక మాట. అయ్యా, మీరు అమ్మిన స్థలం చిన్న త్యాగం కాదు. మీ బాధ మాకు అర్థమైంది. కాని ఆ స్థలం అమ్మి మీరు ఆమెకు కొనిపెట్టినది చదువు. తాను నచ్చని పనిలో ఉండిపోతాననే మాట ఆమె నుండి మీరు కొనలేదు. ఇకమీదట ఖర్చు పెట్టగలరో లేదో నిజాయితీగా చెప్పండి. "నా దగ్గర ఇక లేదు, నీ జీతంలో కూడబెట్టుకొని చదువుకో" అనే హక్కు మీకున్నది. ఆ మాట ఆమె తట్టుకుంటుంది. తండ్రి మాట్లాడకపోవడం మాత్రం ఆమె తట్టుకోలేదు. ఇప్పటికే ఒక మరణాన్ని మోస్తున్న బిడ్డ ఆమె.

సహోదరీ, ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. ఎవరి పక్షానా వద్దు. ఈ రాత్రి ముగ్గురికీ ఒకేసారి అన్నం వడ్డించండి. శాఖ సంగతి, డబ్బు సంగతి ఎత్తవద్దు. ప్రార్థన చేసి భోజనానికి కూర్చుండండి. తరువాత, ఆ రాత్రి ఆస్పత్రిలో ఏమి జరిగిందో అమ్మాయిని మెల్లగా అడగండి. ఆమె చెప్పినంతసేపు నాన్నగారిని వినమనండి. మిగిలిన నిర్ణయాలు ఆ తరువాత చేసుకోవచ్చును.

మీ ఇంటి కొరకు మేము ప్రార్థించుచున్నాము. ఆ భోజనం ఎలా జరిగిందో మాకు తప్పక వ్రాయండి.