బాల్కనీ నుంచి నెబ్యులా ఫొటో: ఫిల్టర్ కొనండి, కానీ ఒక్క మాట

కొండాపూర్‌లో మా బాల్కనీ నుంచి చూస్తే అర్ధరాత్రి కూడా ఆకాశం బూడిద రంగులోనే ఉంటుంది. ఐటీ టవర్ల లైట్లు ఆరవు కదా! మొదట ఫోన్‌లో ఆస్ట్రో మోడ్ ట్రై చేశా. తెల్లటి పొగ తప్ప ఏమీ రాలేదు.

తర్వాత 7 నానోమీటర్ల డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ తీసుకున్నా. హైడ్రోజన్ ఆల్ఫా 656.3, ఆక్సిజన్-3 500.7 నానోమీటర్లు. ఈ రెండింటి దగ్గరి వెలుగునే ఇది లోపలికి వదులుతుంది. రోసెట్ నెబ్యులా ఎక్కువగా వెలిగేది ఈ రంగుల్లోనే. రెండు రాత్రుల్లో ఐదేసి నిమిషాల షాట్లు 40 తీసి స్టాక్ చేస్తే, కంటికి కనిపించని చోట ఎర్రటి గులాబీ బయటపడింది.

అయితే ఆండ్రోమెడా లాంటి గెలాక్సీలకి ఇది పెద్దగా పనికిరాదు. నక్షత్రాల వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది మరి. పైగా ట్రాకింగ్ మౌంట్ లేకుండా ఫిల్టర్ కొంటే డబ్బు దండగే.

నా అసలు బాధ వేరు. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో నడిచింది. 1968కి ఉస్మానియా యూనివర్సిటీ తన 48 అంగుళాల టెలిస్కోప్‌ని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టింది. ఇప్పుడు మనం ఫిల్టర్ కొనుక్కుని సమస్య తీరిపోయిందనుకుంటున్నాం. తీరింది నా సెన్సర్‌కే. పక్క ఫ్లాట్ పిల్లాడు తలెత్తితే ఇప్పటికీ నాలుగు చుక్కలే.

ఫిల్టర్ కొనండి, తప్పు లేదు. దాంతోపాటు టెర్రస్ ఫ్లడ్‌లైట్లు కిందికి తిప్పమని మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడగండి. ఆ పనికి రూపాయి ఖర్చు లేదు.