నంది కొండ కింద వైన్ విహారం: గ్లాసులో మన ద్రాక్ష ఎక్కడ?

శనివారం పొద్దున బెంగళూరు నుంచి దేవనహళ్లి దాటి నంది వైపు వచ్చే కార్లు ఇప్పుడు రెండు రకాలు. కొండ మీద సూర్యోదయం చూసి పదింటికల్లా వెనుదిరిగేవి ఒక రకం. వైనరీ గేటు దగ్గర ఆగి, తోట తిరిగి, పీపాల గది చూసి, నాలుగైదు గ్లాసులు రుచి చూసి, అక్కడే భోంచేసి సాయంత్రానికి ఇల్లు చేరేవి రెండో రకం. చిక్కబళ్లాపుర, దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర తాలూకాల్లో తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లకు ఈ రెండో రకం వాళ్లతో పనేముందని చాలామంది అనుకుంటారు. తాగుడు వ్యవహారం మనకెందుకు అనేది ఇంట్లో పెద్దల మాట. కానీ ఆ కార్లు వచ్చేది మన తోటల మధ్య నుంచే.

నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. కింద మైదానం కూడా సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైనే ఉంటుంది. పగలు ఎండ, రాత్రి చల్లదనం. ఆ చల్లదనం వల్ల పండు తీపెక్కుతున్నా పులుపు పూర్తిగా పోదు, వైన్‌కు కావలసింది అదే. కన్వల్ గ్రోవర్ ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు నిపుణుడు జార్జ్ వెసెల్‌ను వెంటబెట్టుకుని వెతికి, 1988లో ఇక్కడ ఫ్రెంచి రకాల తోట వేయించింది అందుకే. 1992లో తొలి వైన్ వచ్చింది. 2007లో కర్ణాటక ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్, వైన్ విధానం తెచ్చి, వైన్ బోర్డును కూడా పెట్టింది.

రోడ్డు మీద నుంచే తేడా తెలుస్తుంది. వైన్ ద్రాక్ష కంచెలా వరసలు కట్టి నిలువు తీగల మీద పెరుగుతుంది. మన ద్రాక్ష తలపై పందిరి మీద. ఆ పందిరి కింద వేలాడే నల్లటి గుత్తులు బెంగళూరు బ్లూ, ఈ జిల్లాల్లో 150 ఏళ్లుగా ఉన్న పంట. ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది. 2013లో దీనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రసానికి, జామ్‌కు, తియ్యటి పోర్టు రకం వైన్‌కు వాడతారు. రుచి చూపించే బల్ల మీద మాత్రం దీని పేరు వినపడదు. నేను వెళ్లిన ఒక వైనరీలో కాబెర్నే, షిరాజ్, సావిన్యోఁ బ్లాఁ గురించి గంటసేపు చెప్పారు. గోడ అవతలి పందిరి ఏమిటని ఒక అతిథి అడిగితే, 'అది టేబుల్ గ్రేప్' అని రెండు మాటల్లో తేల్చేశారు.

మా పెదనాన్న కొడుక్కి ఎకరంన్నర బెంగళూరు బ్లూ ఉంది. ఆ సంగతి చెబితే నవ్వాడు. "తాగేదానికి పనికిరాదంటారు, తినేదానికి బెంగళూరోళ్లు గింజ లేంది అడుగుతారు. ఇంక నా కాయ ఎవురికిరా?"

అతని ప్రశ్నకు జవాబు భోజనం దగ్గర ఉందని నా అభిప్రాయం. వైనరీ హోటళ్లలో పాస్తా, చీజు పళ్లేలు బాగానే ఉంటాయి, కాదనను. కానీ నవంబరు నుంచి జనవరి దాకా ఈ నేల మీద దొరికే అసలు రుచి అనపకాయలది. గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటీ పితికి పొట్టు తీసి చేసే పితికిపప్పు కూర, రాగిముద్ద, నాటుకోడి పులుసు. వీటికోసం బెంగళూరు నుంచి కారెక్కే మనుషులున్నారు, వాళ్లకు పెట్టే చోటు లేదు. ఇంకో సంగతి: వగరు ఎక్కువగా ఉన్న ఎర్ర వైన్ మన కారానికి నప్పదు, నోట్లో మంట ఇంకా పెరుగుతుంది. కొంచెం తీపి ఉన్న వైన్ కారాన్ని తగ్గిస్తుంది. అంటే పక్కన పెట్టేసిన బెంగళూరు బ్లూ వైనే మన వంటకు దగ్గరిది. తాపీగా తిరిగే విహారి ఒక రాత్రి ఆగాలంటే ఇలాంటి కారణం కావాలి. నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి ఉంది. ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్య పుట్టిన ఇల్లు ఉంది. వాళ్ల పూర్వీకులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం. ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల కథ చెప్పడానికి అంతకన్నా మంచి మజిలీ లేదు.

నాసిక్ సంగతి అక్కడి మనవాళ్లకు తెలుసు. 2001లో మహారాష్ట్ర వైన్ విధానం వచ్చింది, 2005లో సులా రుచి గది తెరిచింది, ఆ తర్వాత ద్రాక్ష తోటే చూడదగిన చోటైంది. తమిళనాడు కంబం లోయలో పన్నీర్ ద్రాక్షకు 2023లో జీఐ దక్కింది. అక్కడ జనం పందిరి కింద నిలబడి ఫొటోలు తీసుకుని, గుత్తులు కొనుక్కుని పోతారు. మధ్యలో వైనరీ లేకుండానే రైతు చేతికి డబ్బు వస్తుంది. మనం ముందు చూడవలసింది కంబాన్నేమో.

అయితే ఈ లెక్కలన్నీ తోట మిగిలితేనే. విమానాశ్రయం 2008లో తెరిచినప్పటి నుంచి దేవనహళ్లి చుట్టూ ఎకరం ధర ద్రాక్ష ధరతో సంబంధం లేకుండా నడుస్తోంది. చన్నరాయపట్టణ హోబళిలో 13 గ్రామాల 1,777 ఎకరాలను ఏరోస్పేస్ పార్కుకు తీసుకోబోతే రైతులు మూడేళ్లకు పైగా కూర్చుని పోరాడారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణ వదులుకుంటున్నామన్నారు, ఇష్టపడి ఇచ్చేవారి భూమి ఎక్కువ ధరకు కొంటామని కూడా అన్నారు. ఆ రెండో వాక్యం ఇప్పుడు ఇళ్లలోకి వచ్చింది. అన్నదమ్ముల మధ్య మాట అదే.

అంతకు ముందు, అదే నెల 2న, నంది కొండ మీదే మంత్రివర్గం సమావేశమైంది. బాగేపల్లిని భాగ్యనగర చేయాలని అక్కడే నిర్ణయించారు. పల్లి పోయి నగర వచ్చింది. పేరుకైతే కొండ ఎక్కి మరీ నిర్ణయం చేశారు, నీటికి అంత తొందర లేదు.

నీటి మాట చిన్నది కాదు. నెల్లూరు దాకా పారే పెన్న పుట్టింది ఈ కొండల్లోనే, కానీ చిక్కబళ్లాపుర, కోలారు జిల్లాలకు ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చెరువులకు పంపుతున్నారు. దాన్ని ఇంకో దశ శుద్ధి చేయాలని రైతులు అడుగుతున్నారు. 24 టీఎంసీల ఎత్తినహొళె పథకం మొదటి దశను 2024 సెప్టెంబరు 6న ప్రారంభించారు. అది పడమటి కనుమల దగ్గరి ఎత్తిపోత. మన తోటల దాకా కాలువ రావాలి. ఈలోగా వచ్చే రిసార్టులకు ఈతకొలనులు, పచ్చికబయళ్లు కావాలి. పందిరికి డ్రిప్పు చుక్కలు చాలు, వాటికి చాలవు. పర్యాటక అనుమతులిచ్చేటప్పుడు నీళ్లు ఎక్కడివని అడగాలని మన పంచాయతీ సభ్యులు పట్టుబట్టవచ్చు, ఆ ఓటు మన దగ్గర ఉంది. కొత్త వైన్ విధానం రాసినప్పుడల్లా బెంగళూరు బ్లూ కొనుగోలుకు ఒక ధర, రుచి బల్ల మీద ఒక గ్లాసు అడగడం కూడా మన సంఘాలు చేయదగిన పనే. ఇప్పటిదాకా అవి ఉగాది సంబరాలు దాటి ఈ వైపు చూసింది తక్కువ.

మా అన్న మాత్రం తోట అమ్మే మాట కత్తిరింపుల తర్వాత చూద్దామన్నాడు. ఇంకో కాపు చూస్తాడట. సంక్రాంతి వారం పందిరి కింద నాలుగు బల్లలు వేసి, వదిన చేతి పితికిపప్పు పెడితే ఎంతమంది ఆగుతారో లెక్కేస్తున్నాడు.