తిన్నడి వేషానికి మన మనిషి పనికిరాడా?

కన్నప్ప సినిమా వచ్చింది, వెళ్లింది. 2025 జూన్ 27న విడుదలైనప్పటి నుంచి ఇటు వెంకటాచలం సెంటర్లో టీ అంగళ్ల దగ్గరా, అటు కాకుటూరు యూనివర్సిటీ పిల్లల మధ్యా నడిచిన చర్చంతా వేషాల మీదే. ప్రభాస్ కనిపించినంతసేపూ హాలు ఊగిపోయిందని ఒకరు. అక్షయ్ కుమార్‌ను శివుడిగా ఒప్పుకోలేమని మరొకరు. విష్ణు చివర్లో బాగా చేశాడు గానీ కృష్ణంరాజు కృష్ణంరాజేనని ఇంకొకరు. టిక్కెట్టు కొన్నవాడికి ఇవన్నీ అనే హక్కుంది. మాకు వచ్చిన ఉత్తరాల్లోనూ ఇవే ఉన్నాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. తిన్నడు ఎవరి మాట మాట్లాడాలి?

కన్నప్పగా మారిన తిన్నడు ఊరూ పేరూ లేనివాడు కాడు. ధూర్జటి అతనికి పొత్తపినాటి ఉడుమూరును ఊరుగా ఇచ్చాడు, నాథనాథుణ్ణి తండ్రిగా, తందెను తల్లిగా ఇచ్చాడు. గూడూరు, నాయుడుపేట దాటితే మనకు శ్రీకాళహస్తి. స్వర్ణముఖి ఒడ్డున గుడి, ఆ పక్కనే కన్నప్ప పేరుతో కొండ. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు లింగాన్ని చూసి మాట్లాడిన చోటు ఒకసారి మళ్లీ చదవండి. అడవిలో ఒంటరిగా ఉన్న దేవుణ్ణి చూసి అతను ముందు దిగులుపడతాడు. మృగాలు తిరిగే ఈ చోట నీకేం పని, నీకు తిండి పెట్టేదెవరు, మా ఊరికి వచ్చెయ్ అని బతిమాలతాడు. అక్కడ ఏమేం దొరుకుతాయో ఒక్కొక్కటే చెప్పి ఆశపెడతాడు. చుట్టాన్ని ఇంటికి పిలిచినట్టు పిలుస్తాడు. తెలుగు కవిత్వంలో దేవుడితో ఇంత చనువుగా మాట్లాడిన మనుషులు కొద్దిమందే. ఆ చనువంతా మాటతీరులో ఉంది. కండల్లో లేదు, విల్లు పట్టిన భంగిమలో లేదు. ఆ మాట కుదరకపోతే తిన్నడు కుదరనట్టే.

ఈ కథను దక్షిణాది సినిమా ఎన్నిసార్లు తీసుకుందో చూడండి. 1954లో హెచ్.ఎల్.ఎన్. సింహా కన్నడంలో బేడర కన్నప్ప తీశారు. నాటకాల్లో వేషాలు వేసుకుంటున్న ముత్తురాజు ఆ సినిమాతోనే రాజ్‌కుమార్ అయ్యాడు. అదే కథ అదే ఏడాది తెలుగులో కాళహస్తి మహత్యం అయింది, తిన్నడు మళ్లీ రాజ్‌కుమారే. 1976లో కృష్ణంరాజుతో బాపు భక్త కన్నప్ప. అందులో మన నెల్లూరు ఆడపడుచు వాణిశ్రీ ఉండడం అప్పట్లో మనవాళ్లకు ఎంత గర్వమో పెద్దవాళ్లను అడగండి. 1988లో కన్నడంలోనే శివరాజ్‌కుమార్‌తో శివ మెచ్చిద కన్నప్ప. ఇప్పుడు విష్ణు కన్నప్ప. కన్నప్పను పక్కన పెడితే చెంచులక్ష్మి ఉంది. పెనుశిల నరసింహుణ్ణి మెప్పించిన మన పెంచలకోన పిల్ల ఆమె. ఆ వేషం 1943లో కమలా కోట్నీస్‌కు, 1958లో అంజలీదేవికి వచ్చింది.

వీళ్లలో ఎవరి నటననూ తప్పుపట్టడం లేదు. రాజ్‌కుమార్ తిన్నణ్ణి చూసి కళ్లు తడవని వారుండరు. మేమంటున్నది వేరే. కన్నప్ప, చెంచులక్ష్మి రెండూ అడవిబిడ్డల కథలే. రెండూ మన చుట్టుపక్కల నేలవే. ఎనభై ఏళ్లుగా మళ్లీ మళ్లీ తీస్తున్నారు. పైన చెప్పిన ఏ సినిమాలోనూ ఆ ప్రధాన వేషానికి ఒక గిరిజనుణ్ణో గిరిజన స్త్రీనో పిలిచింది లేదు. నెల్లూరు జిల్లా గిరిజనుల్లో యానాదులే ఎక్కువ. వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా ధారపోసింది వాళ్ల కోసమే. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవి వాళ్ల బతుకుతెరువు. వాళ్లకు తమ పాట ఉంది, ఆట ఉంది, యానాది భాగవతం పేరుతో ఒక నాటక సంప్రదాయమే ఉంది. నటించడం వాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

ఈసారి మా బాధ ఇంకాస్త ఎక్కువ కావడానికి కారణం, తీసినవారు పరాయివారు కాకపోవడం. నిర్మాత మోహన్‌బాబు పుట్టిన మోదుగులపాలెం ఏర్పేడు పక్కన, కాళహస్తికి కూతవేటు దూరంలో ఉంది. ఆ ఇంటి నుంచి వచ్చిన సినిమా అడవి కోసం న్యూజిలాండ్ వెళ్లింది. మనిషి చెయ్యి పడని ప్రాచీన ప్రకృతి కావాలన్నారు. సరే, శేషాచలంలో అలాంటి అడవి దొరకలేదనుకుందాం. మాట కూడా దొరకలేదా? తెర మీది బోయపల్లెలో మాకు వినిపించింది ఈ నేల మాట కాదు. తిరుపతి, కాళహస్తి, రాపూరు, వెంకటగిరి కలిసే ఈ పట్టులో పుట్టి పెరిగిన నటులను నాలుగు ముఖ్యమైన వేషాలకు తీసుకుని ఉంటే సినిమాకు ఏం తగ్గేది?

ఈ సంపాదకీయానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య ఒక సినిమా కంపెనీ వారు నెల్లూరు తీరం కథ అని చెప్పి మన ప్రాంతంలో ఆడిషన్లు పెట్టారు. మా పత్రికకు కథలు రాసే ఒక యువకుడు వెళ్లాడు. యానాది కాలనీలో పుట్టి పెరిగినవాడు. ఊళ్లలో పద్యనాటకాలు ఆడతాడు. హరిశ్చంద్రుడి కాటిసీను పద్యాలకు వన్స్‌మోర్లు కొట్టించుకున్న గొంతు అతనిది. కథలో వల వేసి బతికే మనిషి వేషం ఉందని విని ఆశపడ్డాడు. ‘ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు’ అన్నారు. అట్లాగే మాట్లాడాడు.

‘ఏందబ్బయా, ఎట్టుండావు? కయ్యకాడికి పోయొస్తుండా. నువ్వీడ్నే ఉండు, కూడు తిని పోదువు.’

గదిలో అందరూ నవ్వారు. బలే ఉంది, కామెడీ ట్రాక్‌లో పెడదామన్నారు. అసలు వేషం సంగతి అడిగితే, దానికి ముంబయి నటుణ్ణి అనుకున్నామని, ఆయనకు తెలుగు రాదు గనక గొంతు ఇంకొకరు ఇస్తారని చెప్పారు. ఆ సాయంత్రం ఆ యువకుడు మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. ‘అన్నా, అందులో నవ్వడానికేముంది? మాయమ్మ దినామూ అనే మాటే గదా’ అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అతను కాదు, మేమూ కాదు.

ఆ నవ్వు ఇవాళ పుట్టింది కాదు. జగదేవిపేట రమణారెడ్డి మిస్సమ్మలో డేవిడ్‌గా, మాయాబజార్‌లో చిన్నమయ్యగా, గుండమ్మ కథలోనూ మన యాసను తెలుగువాళ్లందరి ఇళ్లకూ చేర్చాడు. ఆయన దాన్ని దాచుకోలేదు, చిలవలు పలవలు చేసి వెక్కిరించనూ లేదు. ఆ మాట విరుపులో జాలి, టక్కు, భయం, దురాశ అన్నీ పలికించాడు. ఆయన తరవాత వచ్చినవాళ్లు ఆ గొప్పతనాన్ని పట్టుకోలేదు, నవ్వును మాత్రం పట్టుకున్నారు. నెల్లూరు యాస అంటే హాస్యం అని గిరి గీశారు. ప్రేమించేవాడు ఆ యాసలో మాట్లాడడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ యాసలో ఏడవదు. అన్యాయాన్ని ఎదిరించేవాడి నోట అది రాదు. మన మాటకు దుఃఖం లేదా? మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివినవాళ్లకు తెలుసు, ఈ యాసలో ఎంత బతుకు పడుతుందో. అచ్చులో ఎప్పుడో నిలబడ్డ మాటకు తెర మీద నిలువనీడ లేదు.

యాస పెడితే బయటివాళ్లకు అర్థం కాదన్నది ఇన్నాళ్లూ చెప్పిన వాదన. 2021లో పుష్ప దాన్ని పాతిపెట్టింది. చిత్తూరు మాట మాట్లాడిన ఆ వేషానికే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి అది మొదటిసారి. అంతకుముందు 2018లో వెంకటేష్ మహా విశాఖ కంచరపాలెం మనుషులతోనే కేరాఫ్ కంచరపాలెం తీశాడు. 2023లో వేణు యెల్దండి బలగం చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల చేత పాడించాడు. సినిమాల కోసం తయారైన గొంతులు కావవి, ఊరూరా తిరిగి పాడుకున్న గొంతులు. తెలంగాణ పల్లెలు వీధుల్లో తెరలు కట్టుకుని ఊరంతా కూర్చుని చూసి ఏడ్చాయి. ఆ పాటను పేరున్న గాయకుడి చేత స్టూడియోలో పాడించి, తెర మీద జూనియర్ ఆర్టిస్టుల పెదవులు కదిలించి ఉంటే ఆ కన్నీళ్లు వచ్చేవా?

రీమేకుల సంగతీ ఇదే. రీమేక్ అనగానే మొహం చిట్లించే సాహితీమిత్రులతో మేము ఏకీభవించం. కథ ఎక్కడి నుంచైనా రావచ్చు, తిక్కన భారతం మాత్రం ఎక్కడిది? వచ్చిన కథ ఇక్కడ వేరూనిందా లేదా అన్నదే చూడాలి. మలయాళంలో ఇడుక్కి కొండల్లో జరిగిన మహేషింటె ప్రతికారాన్ని అరకుకు తెచ్చి, సత్యదేవ్‌తో ఉమామహేశ్వర ఉగ్రరూపస్యగా తీస్తే అది అరకు కథే అయింది. అయ్యప్పనుం కోషియుం కోసం దర్శకుడు సాచి అట్టప్పాడి ఇరుళ స్త్రీ నంజియమ్మ చేత ఆమె భాషలోనే పాడించాడు. ఆమెకు జాతీయ ఉత్తమ గాయని అవార్డు దక్కింది. అదే సినిమా మన దగ్గర భీమ్లా నాయక్ అయినప్పుడు టైటిల్ పాట మొదట్లో కిన్నెర మొగిలయ్య గొంతు వినిపించింది. మంచి ఆలోచన. కానీ ఆ కాసేపటి తరవాత సినిమా పూర్తిగా ఇద్దరు హీరోల పంతమైపోయింది. కిన్నెరకు గడప దాకానే ప్రవేశం దొరికింది.

మంచి నటుడు ఏ వేషమైనా వేయగలడు, పుట్టుక చూసి వేషాలిస్తే కళకు అర్థమేముంటుంది అని అడిగేవారున్నారు. ఒప్పుకుంటాం. అయితే ఆ స్వేచ్ఛ ఎప్పుడూ ఒకవైపే ఎందుకు నడుస్తోంది? తెలుగు రాని ముంబయి నటుడు మన యానాది కాగలిగినప్పుడు, ఊళ్లో హరిశ్చంద్ర చక్రవర్తిగా నిలబడ్డ యానాది కుర్రాడు మీ సినిమాలో ఒక కలెక్టరో, ఒక డాక్టరో, ఒక రాజో ఎందుకు కాలేడు? అవేవీ ఇవ్వరు. తన సొంత తాత వేషం కూడా ఇవ్వరు. దీన్ని కళాస్వేచ్ఛ అనం. ఇది ఎంగిలి బంతిలో కూర్చోబెట్టడం. పాన్ ఇండియా మార్కెట్ అంటారు. అయిదు భాషల్లో అమ్ముడుపోవడానికి అయిదు రాష్ట్రాల నుంచి మొహాలు తెచ్చి, అన్నింటికీ అరువు గొంతులు తగిలించి, ఏ ఊరివీ కాని మనుషులను తయారుచేస్తున్నారు. ఆ మనుషుల పేరు మాత్రం మన ఊరిది, గుడి మనది, నది మనది. పేరు వాడుకున్నందుకైనా బాకీ ఉండదా?

ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి తరలివచ్చి 2020 జనవరిలో ప్రారంభమైంది మన వెంకటాచలంలోనే. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చిందని సభలు పెట్టుకుంటాం, తిక్కన పేరు చెప్పి శాలువాలు కప్పుకుంటాం. ఆ ప్రాంగణం చుట్టూ ఉన్న కాలనీల్లో పలికే తెలుగును సినిమావాళ్లు నవ్వులపాలు చేస్తుంటే సభల్లో ఒక్క తీర్మానం లేదు. ఇందులో మా పత్రికావర్గం తప్పూ ఉంది, పాఠకుల తప్పూ ఉంది. హీరో ఎంట్రీకి ఈలలు వేసే మనమే, పక్కింటి కుర్రాడు ఆడిషన్‌కు పోతుంటే ‘నీ మొహానికి సినిమానా’ అన్నాం.

ఒక నిర్ణయం చెబుతున్నాం. ఇకమీదట నెల్లూరు సీమ కథ అని చెప్పుకునే సినిమాలో చెప్పుకోదగ్గ వేషం ఒక్కటైనా ఈ నేల నటుడికి ఇవ్వకపోతే, తీసింది ఎంత పెద్దవారైనా, ఈ పత్రిక దాన్ని సమీక్షకు తీసుకోదు. వచ్చే సంచిక నుంచి మన ప్రాంత రంగస్థల నటీనటుల పరిచయాలు వరసగా వేస్తాం. వెంకటాచలం, ముత్తుకూరు, మనుబోలు, పొదలకూరు, రాపూరు మండలాల నాటక సమాజాలవారు, ముఖ్యంగా గిరిజన కాలనీల్లోని కళాకారులు, తాము వేసిన వేషాల వివరాలు మాకు రాసి పంపండి. రాయడం రానివారు ఆఫీసుకు వచ్చి చెప్పండి, మేమే రాసుకుంటాం.