అద్దాల తొట్టి చేపను చెరువులో వదలకుడు

ఇండ్లలో అద్దాల తొట్టి నుంచి రంగుచేపలను పెంచుట మంచి వినోదమే. పిల్లలకు జీవులయెడ శ్రద్ధ కలుగును. అయితే కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతములలో ఈ వినోదమునకు ఒక కట్టుబాటు అవసరము. తొట్టిలోని చేప ఎన్నటికిని చెరువులోనికి గాని, కాలువలోనికి గాని పోరాదు.

చేపను కొనుటకు ముందే దాని స్వభావము తెలిసికొనవలెను. మన నాపరాతి భూముల బావినీరు కఠిన జలము. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ చేపలకు ఇట్టి నీరు సరిపడును గాని, అవి ఒకదానితో ఒకటి పోరాడును. లోచ్ చేపలకు మెత్తని ఇసుక, గాలి బాగుగా కలిసిన శుభ్రమైన నీరు కావలెను. పఫర్ చేపకు పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. గుల్లగల నత్తలు పెట్టనిచో అది మేత తినలేక చచ్చును. పక్క చేపల రెక్కలను గూడ కొరుకును. వేసవిలో నీరు వేడెక్కినకొలది అందులో ప్రాణవాయువు తగ్గును. ఇవి తెలియక కొన్నవారు విసిగి, చంపుటకు మనసురాక, చేపలను చెరువులో వదలుదురు. అది జాలి కాదు, ఊరికి నష్టము.

తిలాపియా సంగతి చూడుడు. అదియు సిక్లిడ్ జాతిదే. 1952లో దానిని మన దేశమునకు తెచ్చిరి. తల్లి గ్రుడ్లను నోటిలో ఉంచుకొని కాపాడును. ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెట్టును. చెరువు నిండి, మేత చాలక, అన్నియు గిడసబారును. బొచ్చె, శీలావతుల మేతకు అది పోటీ. 1959లో దాని వ్యాప్తిని నిషేధించిరి గాని, అప్పటికే అది చేయి దాటినది.

నేడు దెయ్యపుచేప వచ్చినది. దీని స్వస్థలము దక్షిణ అమెరికా. అద్దముపై పాచిని తినునని దీనిని కొందురు. అది అడుగు దాటి పెరుగును. దాని ముండ్లు వలలను చించును. గట్లలో బొరియలు త్రవ్వును. నీరు తగ్గినను గాలి పీల్చి బ్రతుకును. తూర్పు కనుమల జలాశయములలో ఇది వ్యాపించినట్లు హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞులు నీటిలోని డి.యన్.ఎ. ఆనవాళ్లను బట్టి కనుగొనిరి.

మన కర్నూలు-కడప కాలువ సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి, సుమారు 305 కిలోమీటర్లు సాగి పెన్నా పరీవాహకమును చేరును. ఒకచోట వదలిన చేప ఒకచోటనే ఉండునా? 1369 నాటి శాసనముగల పోరుమామిళ్ల చెరువువంటివి మన పెద్దలు ఎంతో శ్రమతో కట్టించినవి. వాటిని ఒక్క కుండెడు చేపలతో పాడుచేయుట తగునా?

అక్కరలేని చేపలను అంగడివానికి గాని, పెంచగలవారికి గాని ఇచ్చివేయుడు. ఎవ్వరును తీసికొననిచో బాధ లేకుండ చంపి, నీటికి దూరముగా పూడ్చుడు. చచ్చిన పఫర్‌ను కోళ్లకు, పిల్లులకు వేయకుడు, అందు విషముండవచ్చును. తొట్టి నీటిని చెట్ల పాదులలో పోయుడు.

గ్రామాధికారులు ఈ విషయమును పంచాయతీలోను, బడిలోను చెప్పించవలెను. వలలో వింత చేప పడినచో మరల నీటిలో వేయక, జిల్లా మత్స్యశాఖకు తెలియజేయవలెను. తొట్టి ఒకరి సొత్తు, చెరువు ఊరందరి సొత్తు. ఒకరి వేడుకకు ఊరు మూల్యము చెల్లింపరాదు.