కండరాల అదురు, ప్రాణభయం

కంటిరెప్పలోనో పిక్కలోనో భుజంలోనో కండరం తనంతట తాను అదరడం ఆరోగ్యవంతులలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనుభవమయ్యేదే. పురుషుడికి కుడికన్ను, స్త్రీకి ఎడమకన్ను అదిరితే శుభమని తెలుగువారు తరతరాలుగా చెప్పుకున్నారు. అదే అదురు ఇప్పుడు చదువుకున్న యువతీయువకులలో కొందరికి ప్రాణాంతక వ్యాధికి తొలి సూచనగా తోచి, నెలల తరబడి నిద్ర లేకుండా చేస్తున్నది. వైద్యులు ఫాసిక్యులేషన్ అని పిలిచే ఈ కదలికకు మూలం చాలక నాడి, అంటే కండరాన్ని కదిలించే నాడి. మెదడు నుంచి ఆజ్ఞ రాకుండానే ఆ నాడిలో, తరచుగా దాని చివరి కొమ్మల వద్ద, విద్యుత్ ప్రేరణ పుట్టినప్పుడు దాని అధీనంలోని కండర తంతువులన్నీ ఒక్కసారిగా ముడుచుకుంటాయి. నిద్రలేమి, అతిగా తాగే కాఫీ, కఠిన వ్యాయామం, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వంటి మందులు, వీటన్నిటితో పాటు ఆదుర్దా కూడా దీనిని పెంచుతాయి.

భయమంతా ఏఎల్‌ఎస్ గురించి. చాలక నాడీకణాలు క్రమంగా నశించి, కాళ్లూ చేతులూ మాటా మింగే శక్తీ చివరకు ఊపిరీ సన్నగిల్లే ఈ వ్యాధిని 1869లో ఫ్రెంచి వైద్యుడు షార్కో వర్ణించాడు. 1963లో, 21 ఏళ్ల వయసులో, స్టీఫెన్ హాకింగ్‌కు ఇదే నిర్ధారణ అయింది. లక్ష మందిలో ఏటా సుమారు ఇద్దరికి మాత్రమే కొత్తగా వచ్చే ఈ వ్యాధిలోనూ కండరాలు అదురుతాయన్నది నిజమే కానీ, అక్కడ అసలు లక్షణం అదురు కాదు, బలం తగ్గడం. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1993లో ప్రచురించిన అధ్యయనంలో, ఇతర లోపమేదీ లేకుండా అదురు మాత్రమే ఉన్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల వరకు గమనించగా, ఒక్కరికీ ఆ వ్యాధి రాలేదు.

ఇంత స్పష్టమైన సమాచారం ఉన్నా భయం ఎందుకు పోదన్నదే ఆలోచించవలసిన ప్రశ్న. అజ్ఞానమే కారణమనడం సరికాదు, ఎందుకంటే వైద్యులలోనే ఈ భయం ఎంతగా కనిపిస్తుందంటే, 2013లో ఆస్ట్రేలియా నాడీవైద్యులు దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. ఆదుర్దా అదురును పెంచుతుంది, పెరిగిన అదురు ఆదుర్దాను పెంచుతుంది. బలం తగ్గిందేమోనని మునివేళ్లపై పదే పదే నడిచి చూసుకున్నవాడి పిక్కలు అలసిపోతే, ఆ అలసట కూడా అతనికి బలహీనతగానే తోస్తుంది. పరీక్ష ఫలితం బాగుందన్న ఊరట కొద్ది రోజులకే కరిగి, పరీక్ష మరీ తొందరగా చేయించుకున్నామేమోనన్న కొత్త అనుమానం మొదలవుతుంది. కాబట్టి, ఒకసారి సమగ్రంగా పరీక్షించిన తర్వాత కేవలం ఊరట కోసం మళ్లీ మళ్లీ చేయించే పరీక్షలు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి.

తెలుగునాట వినిపించే రెండు సమాధానాలూ రోగికి అన్యాయమే చేస్తాయి. మొదటిది “ఏమీ లేదు, ఊరికే భయపడుతున్నారు” అన్న మందలింపు. రాత్రింబవళ్లు వేధించే బాధను అది లేనిదిగా కొట్టిపారేస్తుంది. రెండవది ఇంకా హానికరం: లోపం ఉందో లేదో రక్తపరీక్షతో తేల్చుకోకుండానే “నరాల బలహీనత” అని చెప్పి బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు రాయడం. నరాలు చచ్చుబడిపోతున్నాయని వణికే మనిషికి నరాలు బలహీనపడ్డాయని చెప్పడమంటే అతని భయానికి వైద్యుడే ముద్ర వేయడం. అతనికి న్యాయంగా దక్కవలసింది కండరాల బలాన్నీ, మోకాలి వంటి చోట్ల అసంకల్పిత ప్రతిచర్యలనూ చేతితో జాగ్రత్తగా పరీక్షించి, చూసినదేమిటో విడమరిచి చెప్పే పావుగంట. అవసరమైతే, సన్నని సూదితో కండరంలోని విద్యుత్ చర్యను కొలిచే ఈఎంజీ ఒకసారి చేయించవచ్చు. అప్పటికీ భయం వదలకపోతే, అనారోగ్యం గురించిన ఆ ఆందోళనే చికిత్స చేయదగిన స్థితి. తన ఆలోచనలనూ, పదే పదే పరీక్షించుకునే అలవాటునూ గుర్తించి మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అందులో మేలు చేస్తుందని పరిశోధనల్లో రుజువైంది. మానసిక సహాయానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, నడకలో పాదం పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, మింగడం కష్టమవడం, ఒక చోట కండ స్పష్టంగా కరిగిపోవడం వంటివి కనిపిస్తే మాత్రం, అదురు ఉన్నా లేకపోయినా, నాడీవైద్యుడిని ఆలస్యం లేకుండా కలవాలి.